నాన్న సైకిలు, హోండా గారి రేడియో ఇంజను

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా నాన్న ఉన్నట్టుండి అడిగాడు. "ఒరే, నువ్వు కాలేజీలో ఉండగా సైకిలుకి ఇంజను బిగించావు కదా. అట్టాంటిది మన సైకిలుకి పెట్టటం కుదురుద్దా?"

నేను కాసేపు ఏం మాట్లాడలేదు. ఎందుకంటే ఆ కాలేజీ సైకిలు కథ ఇంట్లో సగమే చెప్పాను.

ముందు నాన్న సంగతి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటి నించి పొలానికి కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు. ఆయనకి అరవై రెండేళ్ళు, ఈమధ్య మోకాళ్ళు సతాయిస్తున్నాయి. ఇంట్లో బండి ఉంది కానీ అది తమ్ముడి చేతిలోనే ఉంటుంది, పైగా నాన్నకి బండి తోలడం రాదు. "ఈ వయసులో గేర్లు నేర్చుకుని ఎవర్ని గుద్దమంటావు?" అంటాడు. సైకిలు మాత్రం నలభై ఏళ్ళ అలవాటు. అది అట్లాస్ సైకిలు, రాడ్ బ్రేకులది. (ఆ కంపెనీ ఆఖరి ఫ్యాక్టరీ 2020లో మూతపడింది, ఈయన సైకిలు మాత్రం నడుస్తూనే ఉంది.)

ఇక కాలేజీ కథలో చెప్పని సగం. ఫైనలియర్ ప్రాజెక్టుకి నలుగురం కలిసి ఆన్‌లైన్‌లో ఒక రెండు స్ట్రోకుల ఇంజను కిట్ తెప్పించాం. డబ్బా మీద 80 సీసీ అని ఉంది. లోపల కాగితంలో బోరు 47 మిల్లీమీటర్లు, స్ట్రోకు 38 మిల్లీమీటర్లు. క్యాలిక్యులేటర్ తీసి లెక్కేస్తే 66 సీసీ తేలింది! అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఈ కిట్లలో వెనక చక్రానికి ఎడమ పక్కన ఒక పళ్ళ చక్రం వస్తుంది. స్పోకులకి అటూ ఇటూ రబ్బరు బిళ్ళలు పెట్టి, మధ్యలోంచి తొమ్మిది బోల్టులు దూర్చి బిగించాలి. తొమ్మిదే ఎందుకంటే అది 36 స్పోకుల చక్రానికి చేసిన డిజైను. మేం కొన్నది మన దేశవాళీ నల్ల సైకిలు, దాని వెనక చక్రానికి 40 స్పోకులు. తొమ్మిది బోల్టులు నలభై స్పోకుల మధ్య సమంగా కూర్చోవు. మేం నాలుగు స్పోకుల్ని కాస్త వంచి "ఎడ్జస్టు" చేశాం.

డెమో రోజు సైకిలు స్టాండు మీద ఉంది, చక్రం గాల్లో జోరుగా తిరిగింది, మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. మర్నాడు మావాడొకడు రోడ్డెక్కించాడు. ముప్పై, ముప్పై అయిదు స్పీడులో పళ్ళ చక్రం పక్కకి ఊగి, చెయిన్ జారి స్పోకుల్లో పడింది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వాడి కాలర్‌బోన్ విరిగింది. ఇప్పటికీ చలికాలంలో భుజం పట్టేస్తుందంటాడు. ఇంజనుకి మాత్రం ఏమీ కాలేదు, ఇంకా స్టార్టవుతోంది. నమ్మకమైన ఇంజనే మరి!

అందుకని నాన్న అడిగినప్పుడు వెంటనే కిట్లు వెతకలేదు. ఈ పని మనకంటే ముందు చేసినవాళ్ళు ఏమయ్యారో చదవడం మొదలెట్టాను. చదివేకొద్దీ అర్థమయిందేంటంటే, వాళ్ళలో చాలామందిని ఇబ్బంది పెట్టింది ఇంజను కాదు. దాన్ని మోసే సైకిలూ, ఇంజనుకీ చక్రానికీ మధ్య ఉండే లంకె.

ఆ చరిత్ర 1897లోనే మొదలవుతుంది. పారిస్‌లో వెర్నర్ సోదరులు ఇంజన్ని హ్యాండిలు ముందు, ముందు చక్రం పైన పెట్టి బెల్టుతో తిప్పారు. దానికి మోటోసైక్లెట్ అని పేరు పెట్టారు. బరువంతా పైన, ముందు. తడి రోడ్డు మీద జారేది. జారిపడితే మంటలంటుకునే ప్రమాదం కూడా ఉంది, ఎందుకంటే అప్పటి ఇంజన్లలో ప్లగ్గు బదులు ఎర్రగా కాలే గొట్టం ఉండేది. 1901కల్లా వాళ్ళే ఇంజన్ని కిందికి, పెడల్స్ ఉండే చోటికి దించారు. మోటార్ సైకిళ్ళలో ఇంజను ఈరోజుకీ ఇంచుమించు అక్కడే ఉంది. అదే రోజుల్లో బెల్జియంలో మినర్వా అనే సైకిళ్ళ కంపెనీ తగిలించుకునే ఇంజన్లు చేసి అందరికీ అమ్మింది. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు 1902లో తెచ్చిన మొట్టమొదటి మోటార్ సైకిల్లో ఉన్నది మినర్వా ఇంజనే.

అసలు కథ రెండో ప్రపంచయుద్ధం తర్వాత. 1946, జపాన్‌లో హమమత్సు. యుద్ధంలో ఓడిన దేశం, పెట్రోలుకి రేషను, రైళ్ళు కిటకిట. సోయిచిరో హోండాకి ఒక తెలిసినవాళ్ళింట్లో చిన్న ఇంజనొకటి కనిపించింది. సైన్యం వాడిన వైర్‌లెస్ సెట్లకి కరెంటిచ్చే జెనరేటర్ ఇంజనది. దాన్ని సైకిలుకి పెడితే? భార్య సాచి బియ్యం, కూరగాయల కోసం దూరాలు తొక్కుతోంది, ఆవిడకి పనికొస్తుందని కూడా. మొదటిదానికి పెట్రోలు ట్యాంకు కూడా లేదు. చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ డబ్బానే ట్యాంకు చేశాడు. పెట్రోలు చాలకపోతే పైన్ చెట్ల నూనె కలిపాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. హోండా మొదటి ప్రయత్నం కూడా తప్పే. ఇంజన్ని ముందు పెట్టి, రబ్బరు రోలరుతో ముందు టైరుని రాపిడి మీద తిప్పాడు. అప్పటి నాసిరకం టైర్లు ఆ రాపిడికి తట్టుకోలేదు. అది వదిలేసి ఇంజన్ని ఫ్రేము మధ్యలోకి తెచ్చి, బెల్టుతో వెనక చక్రానికి కలిపాడు. అమెరికాలో 1939లో మొదలైన విజర్ కిట్‌ది కూడా ఇదే దారి. ముందు రోలరు, 1942 నించి బెల్టు. ఒకరికొకరు తెలీకుండా ఇద్దరూ ఒకే గోతిలో పడి ఒకేలా బయటికొచ్చారనమాట.

అసలు అందరూ ఆ రోలరు మోజులో ఎందుకు పడతారో లెక్కేస్తే తెలుస్తుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకి 25 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 190 సార్లు తిరుగుతుంది. చిన్న ఇంజను తిరిగేదేమో ఆరేడు వేల సార్లు. అంటే మధ్యలో ముప్పై, నలభై రెట్లు తగ్గించాలి. గేర్లతో అయితే రెండు మూడు అంచెలు కావాలి. 30 మిల్లీమీటర్ల రోలరుని టైరుకి ఆనిస్తే ఒకే దెబ్బకి 23 రెట్లు తగ్గిపోతుంది. గేరుబాక్సు లేదు, చెయిన్ లేదు, చౌక. కాకపోతే ఆ లెక్కలో టైరు అరుగుదల, వాన నీళ్ళు ఉండవు.

మరి రోలరు అసలు పనికిరాదా అంటే, ఫ్రాన్సులో వెలోసొలెక్స్ ఉంది! 1946 నించి 1988 దాకా 70 లక్షలకి పైగా అమ్ముడైంది. ముందు చక్రం మీద 45 సీసీ (తర్వాత 49 సీసీ) ఇంజను, దాని కింద రోలరు. హోండా వదిలేసిన పద్ధతే. కానీ సొలెక్స్ వాళ్ళు కార్బురేటర్లు చేసే కంపెనీ, కిట్ అమ్మలేదు, మొత్తం బండి అమ్మారు. ఫ్రేము ఆ బరువుకి తగ్గట్టు చేసిందే. మిషెలిన్ వాళ్ళు దానికోసం టైర్లు చేశారు. ఇంజను శక్తి ఒక హార్స్‌పవర్ కూడా లేదు, వేగం 30, 35 దాటదు. కార్బురేటర్‌లో ఫ్లోట్ గిన్నే లేదు, చిన్న పంపు పెట్రోలుని పైకి తోస్తుంది, మిగిలింది తిరిగి ట్యాంకులోకి కారిపోతుంది. అదే రోలరు ఒకచోట వారాల్లో చచ్చిపోయింది, ఇంకోచోట నలభై ఏళ్ళు బతికింది. తేడా రోలరులో లేదు, దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంది.

హోండా సంగతికి మళ్ళీ వస్తే, ఆ సైకిలుని జనానికి అమ్మేముందు రోడ్డు మీద తొక్కి చూసింది సాచి. కార్బురేటర్ నించి ఎగజిమ్మిన నూనెకి ఆవిడ బట్టలు పాడయ్యాయి. వచ్చి ఆ మాట చెప్తే ఆయన సరిచేశాడు. (మన టెస్టింగ్ టీం వాళ్ళకి ఈవిడ ఫొటో పెట్టి దణ్ణం పెట్టొచ్చు.) పాత ఇంజన్లు అయిపోయాక 1947లో సొంత ఇంజను చేశారు, దాని పేరు ఏ-టైపు. 50 సీసీ, సుమారు ఒక హార్స్‌పవర్. బెల్టుని బిగించి వదిలే లివరే దాని క్లచ్చు. నడుస్తుంటే వచ్చే చప్పుడుని బట్టి జనం దాన్ని బాతాబాతా అని పిలిచారు. ఇంజను శక్తి పెంచుకుంటూ పోయేసరికి సైకిలు ఫ్రేము తట్టుకోలేదు. 1949లో ఫ్రేముతో సహా అంతా తామే చేసిన డ్రీమ్ వచ్చింది.

ఇదే కాలంలో ఇటలీలో డుకాటీ. ఇప్పుడు డుకాటీ అంటే లక్షల ఖరీదు ఎర్ర బండి గుర్తొస్తుంది కానీ అది 1926లో రేడియో భాగాలు చేయడానికి పెట్టిన కంపెనీ. బొలోన్యాలో వాళ్ళ ఫ్యాక్టరీ 1944లో బాంబులకి నేలమట్టమైంది. ట్యూరిన్‌లో ఆల్డో ఫరినెల్లి అనే లాయరు (అవును, లాయరే!) ఒక సైకిలు ఇంజన్ని రూపొందిస్తే సియాటా కంపెనీ తయారీకి దిగింది, 1946లో డుకాటీ దాన్ని చేపట్టింది. దాని పేరు కుచ్చొలో, అంటే కుక్కపిల్ల. పొగగొట్టం చప్పుడు కుక్కపిల్ల అరుపులా ఉంటుందని. 48 సీసీ, నాలుగు స్ట్రోకులు, రెండు గేర్లు. నేను చాలాసేపు ఆగి చూసింది దాని లంకెని. ఇంజను సరిగ్గా పెడల్స్ దగ్గర కూర్చుంటుంది, దాని శక్తి సైకిలుకి మామూలుగా ఉండే చెయిన్ గుండానే వెనక చక్రానికి పోతుంది. స్పోకుల జోలికే పోదు! మేం వంచిన ఆ నాలుగు స్పోకులు గుర్తొచ్చాయి. రెండు లక్షలకి పైగా అమ్ముడయ్యాయి కుక్కపిల్లలు.

ఇంగ్లండు వాళ్ళది ఇంకో తెలివి. 1950లో సైకిల్‌మాస్టర్ అని వచ్చింది. దాన్ని తయారుచేసింది ఇ.ఎం.ఐ., అంటే మన తాతల కాలం గ్రామఫోను రికార్డుల మీద కుక్క బొమ్మతో కనిపించే హెచ్.ఎం.వి. వాళ్ళ కంపెనీయే. వీళ్ళు ఇంజన్ని చక్రానికి తగిలించలేదు, ఇంజనున్న చక్రాన్నే అమ్మారు. మీ సైకిలు వెనక చక్రం ఊడదీసి అది పెట్టుకోవడమే. లావు స్పోకులూ, బ్రేకూ అన్నీ దాంతోనే వస్తాయి. 1953లో బీఎస్ఏ వాళ్ళ వింగ్‌డ్ వీల్ కూడా ఇదే పద్ధతిలో పెద్ద డ్రమ్ బ్రేకుతో వచ్చింది. సైకిల్లో మొదట దెబ్బతినేది వెనక చక్రం కాబట్టి దాని బాధ్యత కూడా కిట్ చేసేవాడే తీసుకున్నాడు. పాత సిస్టంకి ప్లగిన్ రాసి "నా కోడు బానే ఉంది, మీ సర్వరే పాతది" అనే రకం కాదు.

1952లో హమమత్సులోనే ఇంకో మగ్గాల కంపెనీ పవర్ ఫ్రీ అనే 36 సీసీ కిట్ తెచ్చింది. దాని పేరు సుజుకి. అదే ఏడాది హోండా కబ్ ఎఫ్-టైపు. తెల్ల ట్యాంకు, ఎర్ర ఇంజను, మొత్తం బరువు ఆరు కిలోలు, వెల 25 వేల యెన్లు. దీన్ని అమ్మిన తీరు వ్యాపారం కోర్సుల్లో చెప్తుంటారు గానీ నేను దాన్ని మన్నిక కథగానే చదివాను. తకెయో ఫుజిసావా జపాన్ మొత్తంలో ఉన్న సుమారు 50 వేల సైకిలు షాపులకి ఉత్తరాలు రాయించాడు. 30 వేల షాపులు ఆసక్తి చూపించాయి. అంటే కొన్నవాడి ఊళ్ళో, వాడికి ఎప్పుడూ పంక్చర్ వేసే మనిషే ఇంజను కూడా బిగిస్తాడు, చెడిపోతే బాగుచేస్తాడు. మా కాలేజీ కిట్‌కి ఒక నట్టు కావాలంటే కొరియరు కోసం ఎదురుచూడాల్సొచ్చేది.

అయినా పదేళ్ళలో ఈ కిట్లన్నీ పక్కకి తప్పుకున్నాయి. అందరూ చివరికి ఫ్రేము నించి బ్రేకు దాకా తామే చేసే పూర్తి బండికి వచ్చేశారు. హోండాది 1958లో సూపర్ కబ్ (2017కి పది కోట్లు దాటింది). ఫ్రాన్సులో మోటోబెకాన్ 1949లోనే మోబిలెట్ తెచ్చింది, మన రాష్ట్రానికీ ఈ కథకీ ముడి అక్కడే పడింది. 1960ల్లో ఆ మోటోబెకాన్ సాయంతోనే మన తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వాళ్ళు సువేగా మోపెడ్ చేశారు. మా పెదనాన్నకి ఒకటుండేదట. తర్వాత 1972లో పుణె నించి కైనెటిక్ లూనా, అది ఇటలీ పియాజియో వాళ్ళ చావో డిజైను ఆధారంగా వచ్చింది. 1980లో హోసూరు నించి ఇద్దరు ఎక్కగలిగే టీవీఎస్ 50. మనవాళ్ళు కిట్ దశలో పెద్దగా ఆగకుండా నేరుగా మోపెడ్‌కి దూకేశారు. తప్పు కూడా కాదు.

ఇదంతా చదివి నాన్నకి ఫోన్ చేసి, గేర్లు ఉండవు, టీవీఎస్ ఎక్సెల్ కొనిస్తానన్నాను. "దానికి లైసెన్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను... నాలుగు కిలోమీటర్లకా? తిరిగొచ్చేప్పుడు గడ్డిమోపు పెట్టుకుని నడిపించుకుంటా వస్తా, అది నడిపించగలనా నేను?" అన్నాడు. నిజమే. గడ్డిమోపు సంగతి నాకు తట్టలేదు.

సరే, కిట్ అయితే ఎలాంటిది? మొదటి కత్తెర చట్టం వేస్తుంది. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కన్నా తక్కువుండి ఇంజను 25 సీసీ దాటకపోతే అది మోటారు వాహనం కిందికి రాదు. (పాపం, 25.7 సీసీతో వచ్చిన మొదటి సైకిల్‌మాస్టర్ ఇక్కడ ముక్కాలు సీసీ తేడాతో దొరికిపోయేది.) ఆన్‌లైన్‌లో దొరికే 48, 66 సీసీ కిట్లు ఆ గీత దాటినట్టే. వాటితో రోడ్డెక్కితే రిజిస్ట్రేషను లేదు, ఇన్సూరెన్సు లేదు, ఎవరికన్నా తగిలితే ఇక అంతే.

25 సీసీ సరిపోతుందా అని లెక్కేశాను. సైకిలు, నాన్న కలిపి వంద కిలోలనుకుంటే, చదును దారిలో 25 వేగానికి గాలిని, టైరు రాపిడిని తట్టుకోడానికి 200 వాట్లలోపే చాలు, అంటే సుమారు పావు హార్స్‌పవర్. 25 సీసీ ఇంజను అంతకు రెండు మూడు రెట్లు ఇస్తుంది. పైగా ఆ సైజు ఇంజను నాన్నకి కొత్తేమీ కాదు. పొలంలో మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ కూడా ఇంచుమించు అదే సైజుది. దాని ప్లగ్గు ఆయనే విప్పి శుభ్రం చేసుకుంటాడు, తాడు తెగితే ఆయనే మార్చుకుంటాడు, సామాను తెనాల్లో దొరుకుతుంది. రేడియో ఇంజను బదులు స్ప్రేయర్ ఇంజను! స్టాలు కాకుండా, ఆగినప్పుడు తనంతట తనే వదిలేసే సెంట్రిఫ్యూగల్ క్లచ్చు కూడా దానికి దొరుకుతుంది. నాలుగు స్ట్రోకులది అయితే నూనె కలిపే పని కూడా ఉండదు.

బ్యాటరీ మోటారున్న చక్రం ఎందుకొద్దని మీరడగొచ్చు. అది సైకిల్‌మాస్టర్ మనవడే, నాకూ అదే ఇష్టం. 250 వాట్లలోపు, 25 వేగంలోపు ఉంటే దానికీ చట్టంలో మినహాయింపుంది. కానీ పాడైతే కంట్రోలరు మా ఊళ్ళో ఎవరూ విప్పలేరు. ఫుజిసావా ఉత్తరాలు చదివాక నేను దాని వైపు మొగ్గలేకపోయాను. ఇంకో అయిదేళ్ళ తర్వాత అడిగితే వేరే మాట చెప్తానేమో.

మిగిలింది లంకె, చక్రం, బ్రేకు. రోలరు వద్దు, కాలవ గట్టు మీద వానాకాలం బురదలో అది టైరుని తిప్పదు, తోముతుంది. స్పోకులకి బిగించే పళ్ళ చక్రం మళ్ళీ నా జన్మలో వద్దు. రాడ్ బ్రేకులు తడిస్తే ఎలా పట్టుకుంటాయో మీలో సైకిలు తొక్కి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకని ముందు ఇంజను ఆర్డరివ్వలేదు. డ్రమ్ బ్రేకున్న హబ్బు, లావు స్పోకులు, హబ్బుకే బోల్టులతో బిగిసే పళ్ళ చక్రం, ఇవి తెప్పించి తెనాల్లో మా నాన్నకి పాతికేళ్ళుగా తెలిసిన సైకిలు షాపులో ఇచ్చాను. ఆయన రెండ్రోజులు తీసుకుని చక్రం అల్లి, బెండు తీసి, ఫ్రేము వెనక చీలిక కాస్త వెడల్పు చేసి కూర్చోబెట్టాడు. "ఇంజనేదయ్యా?" అన్నాడు. వచ్చే నెల అన్నాను.

నిన్న నాన్న ఫోన్ చేశాడు. పది రోజులుగా ఆ చక్రంతోనే పొలానికి వెళ్ళొస్తున్నాడు, గడ్డిమోపు కూడా వేసి చూశాడట. చక్రం కాస్త బరువంట. బ్రేకు మాత్రం వంతెన దిగుడులో కూడా పట్టుకుంటోందంట. ముందు చక్రానికి కూడా అలాంటిదే వేయించమన్నాడు, ఇంజను సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు.